గేటు తాళం ఎవరి చేతిలో ఉంటే ముంపు బాధ్యత వారిదే
(డెల్టా జిల్లాల కలెక్టర్లకు, నీటిపారుదల సలహా మండళ్లకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల కలెక్టర్లకు, సలహా మండళ్ల సభ్యులకు నమస్కారం.

ప్రతి ముంపు తర్వాత వచ్చే నివేదికలో మొదటి వాక్యం ఒకటే: అనూహ్యంగా కురిసిన భారీ వర్షాల వల్ల నష్టం జరిగింది. ఆ వాక్యంతోనే విచారణా అయిపోతుంది. వాన పడటం ఎవరి తప్పూ కాదు. పడిన నీరు చేలో పది రోజులు కదలకుండా నిలిచిందంటే మాత్రం ఎక్కడో ఎవరో చేయాల్సిన పని చేయలేదు. ఆ పని ఏమిటో, ఏ వంతెన దగ్గర ఆగిపోయిందో ఇక్కడ సాగు చేసేవాళ్లకు తెలుసు, కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకూ తెలుసు. దేశంలో విపత్తులకు బాధ్యులెవరన్న చర్చ టీవీల్లో ఢిల్లీలో మొదలై ఢిల్లీలోనే తెల్లారుతోంది. మేం మురుగుకాలువ గట్టు మీద నుంచి మొదలుపెడుతున్నాం.

ముందు రెండు రకాల నీళ్లను విడదీసి చూడాలి. ఒకటి ఏటి వరద. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు చోట్లా కలిపి గోదావరి బ్యారేజీకి 175 గేట్లు. అక్కడ నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ మట్టానికి ఎవరు గట్టెక్కాలో, ఏ లంకను ఖాళీ చేయించాలో రాసిపెట్టి ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పుడు డెల్టాలో గట్లు తెగి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. 2006లో శానపల్లిలంక, మొండెపులంక దగ్గర గండ్లు పడ్డాయి. ఆ తర్వాత గట్లు బలపరిచారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటినా, లంకలు మునిగాయి గానీ ఏటిగట్లు చాలావరకు నిలబడ్డాయి. మట్టానికీ మనిషికీ ముడివేసిన చోట పని జరుగుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రెండోది మురుగు ముంపు, అంటే చేల మీది వాన నీరు మురుగుకాలువ (డ్రైన్) గుండా దిగక నిలిచిపోవడం. దీనికి హెచ్చరిక మట్టం లేదు, సైరన్ లేదు, కంట్రోల్ రూమ్ లేదు. ఏటి వరద ఏళ్లకోసారి వస్తే ఇది ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. ఊడ్పులైన జూలైలో ఒకసారి, పంట కోతకొచ్చిన అక్టోబరు, నవంబరుల్లో ఇంకోసారి. కోనసీమ రైతులు 2011 సార్వాలో పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు చెప్పిన ఇంకో కారణం ఇదే. అప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కమిటీ వచ్చింది, చూసింది, రాసింది.

లెక్క చిన్నదే. ఒక రోజు 10 సెంటీమీటర్ల వాన పడితే ఎకరానికి నాలుగు లక్షల లీటర్ల నీరు. వెయ్యి ఎకరాల ఆయకట్టుకు నాలుగు లక్షల ఘనపు మీటర్లు. దాన్ని మూడు రోజుల్లో దించాలంటే రాత్రీ పగలూ ఆగకుండా 55 క్యూసెక్కులు పారాలి. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ డ్రైన్ నీరు దిగదు కాబట్టి మనకు చిక్కేది ఇంచుమించు సగం సమయమే. అంటే ఆటు వేళ 110 క్యూసెక్కులు పారే దారి ఉండాలి. వాన 20 సెంటీమీటర్లయితే 220. మీ జిల్లాలో ప్రతి మైనర్ డ్రైన్‌కూ దాని కింద ఎన్ని ఎకరాలున్నాయో ఇంజనీర్ల దగ్గర ఉంది. ఈ లెక్క పక్కన ఆ డ్రైన్ మీది అతి ఇరుకు తూర (దారి కింద నీరు దాటే గొట్టం) కొలత రాయించండి చాలు. ఎక్కడ మునుగుతుందో వాన పడకముందే తెలుస్తుంది.

తూరల సంగతి ఇక్కడే చెప్పాలి. రెండడుగుల సిమెంటు తూర నోరు సుమారు 3 చదరపు అడుగులు. నాలుగడుగులదైతే 12కు పైనే. చెరువుకు లారీ వెళ్లాలనో, లేఅవుట్‌కు దారి కావాలనో మురుగు బోదె మీద రెండడుగుల తూర రెండు వరసలు వేసి పైన గ్రావెల్ పోస్తారు. ఆ ఒక్క దారితో ఎగువన మూడు ఊళ్ల నీళ్లు ఆగిపోతాయి. తూర అడుగు మట్టం బోదె అడుగు కంటే అరడుగు పైకి పెట్టడం ఇంకో పాపం. ఆ అరడుగు నీరు ఎప్పటికీ దిగదు. అక్కడ ఒండ్రు పేరుకుంటుంది, దాని మీద తూడు మొలుస్తుంది, ఒకటి రెండేళ్లలో తూర సగం పూడిపోతుంది. తూర వేసినవాడిది తప్పా, అనుమతిచ్చిన పంచాయతీదా, చూసీ చూడనట్టు పోయిన డ్రైన్ల శాఖదా? ముగ్గురిదీ. కానీ సమానంగా కాదు. ఆపే అధికారం ఎవరికుందో వారిదే పెద్ద వాటా.

ఇక డ్రైన్ చివరికి వెళదాం. సముద్రం వైపు తెరుచుకునే పెద్ద డ్రైన్లలో చాలావాటికి అవుట్‌ఫాల్ స్లూయిజ్ ఉంటుంది. పైన మడతబందుకు వేలాడే ఇనుప తలుపులు. ఆటు వేళ డ్రైన్ నీటి ఒత్తిడికి అవే తెరుచుకుంటాయి, పోటు వేళ సముద్రపు నీరు నెట్టగానే అవే మూసుకుంటాయి. కరెంటూ అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు. ఇంత సులువైన యంత్రం కూడా నాలుగు విధాలుగా చెడుతుంది. ఉప్పుగాలికి మడతబందు తుప్పుపట్టి తలుపు సగంలో బిగుసుకుపోతుంది. వరదకు కొట్టుకొచ్చిన కొబ్బరి మొద్దు కింద గడపలో అడ్డుపడితే తలుపు చివరిదాకా మూసుకోదు. అంచున ఉండే రబ్బరు అరిగి ఊడిపోతుంది. నాలుగోది మనుషులు చేసేది: రొయ్యల చెరువులకు ఉప్పునీరు కావాలని పోటు వేళ తలుపును తాడుతో కట్టి తెరిచి ఉంచుతారు. మార్చి నుంచి మే దాకా డ్రైన్‌లో ఎదురు నెట్టే మంచినీరు ఉండదు. ఆ రోజుల్లో తలుపు తెరిచి ఉంటే ఉప్పు లోపలికి మైళ్ల కొద్దీ పాకుతుంది.

తర్వాత జరిగేది ఒక్కరోజులో కనపడదు. ముందు నారుమడి కొసలు మాడతాయి. మట్టిలో లవణ సాంద్రత మీటరుకు 3 డెసీసీమెన్స్ (ఉప్పును కొలిచే ప్రమాణం) దాటిందంటే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. కొబ్బరి ఉప్పుకు కొంత ఓర్చుకుంటుంది గానీ, ఉప్పునీరు వేళ్ల దగ్గర నెలల తరబడి నిలిస్తే ఓర్చుకోదు. పిందె రాలుతుంది, మట్టలు చిన్నవవుతాయి, మొవ్వు సన్నబడుతుంది, చివరికి తల ఊడి మాను మిగులుతుంది. శంకరగుప్తం డ్రైన్ పక్కన కేశనపల్లి వైపు తోటల్లో అలాంటి మానులు వరసలు కట్టి ఉన్నాయి. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ పట్టికలో ఆ ఏళ్లకు గడి లేదు. లవణం కొలిచే చేతి మీటరు కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ప్రతి అవుట్‌ఫాల్ దగ్గరా, అక్కడి నుంచి లోపలికి రెండు మూడు వంతెనల దగ్గరా వారానికోసారి కొలిచి గోడ మీద రాస్తే, తలుపు ఎప్పుడు తెరిచారో కేసు పెట్టకుండానే బయటపడుతుంది.

మొగలు (డ్రైన్లు సముద్రంలో కలిసే చోట్లు) పూడిపోవడం దీనికి తోడు. డ్రైన్‌లో ఊపు తగ్గితే కెరటాలు తెచ్చిన ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. ఇసుక తీయడానికీ వేళ ఉంది. డ్రైన్ మట్టం సముద్రం కంటే పైన ఉన్నప్పుడు, ఆటు మొదలవుతుండగా, సన్నని పిల్లకాలువ కోస్తే చాలు, మిగతాది నీరే కోసుకుపోతుంది. పోటు వేళ పొక్లెయిన్ దించితే సముద్రాన్ని మనమే ఇంట్లోకి పిలిచినట్టు. ఫొటో కోసం పగటి పూట పని పెట్టుకున్నప్పుడల్లా ఇదే జరుగుతోంది, ఎందుకంటే ఆటు కలెక్టరు గారి పర్యటన వేళకు రాదు.

పూడికతీత గురించి ఎంత రాసినా తక్కువే. కాలువలు ఏప్రిల్ నెలలో కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. పని జరగాల్సింది ఈ కొద్ది వారాల్లోనే. అంచనాలు వేసవి మొదట్లో వెళితే టెండర్లు మే నెలలో తెరుచుకుంటాయి, అగ్రిమెంటు అయ్యేసరికి తొలకరి. మే 15న ధవళేశ్వరంలో కాటన్ దొర జయంతి. విగ్రహానికి దండలు పడతాయి, ప్రసంగాలు జరుగుతాయి (దండకు టెండరు అక్కర్లేదు కాబట్టి ఆలస్యం కాదు). 1852 నాటికి ఆనకట్ట లేపి కాలువలు తవ్వించిన మనిషికి నిజమైన దండ కావాలంటే, ఆ రోజుకు డ్రైన్ల పని సగానికి పైగా అయి ఉండాలి. మే చివర మొదలైన పనిని నీటిలో కొలవాల్సి వస్తుంది. నీటిలో కొలిచిన పూడికకు సాక్షి చేపలే.

అక్రమం ఎక్కడుందో సూటిగా చెబుతాం. పని మొదలుపెట్టేముందు ప్రతి 50 మీటర్లకు అడ్డుకోత మట్టాలు తీసుకోవాలి. అవి నీటి సంఘం ప్రతినిధి ఎదుట తీసి, అతని సంతకం పెట్టించాలి. పని అయ్యాక అవే చోట్ల మళ్లీ తీయాలి. తేడాయే పూడిక. ముందటి మట్టాలు లేకపోతే తర్వాత ఎంత రాసినా అడిగేవాడు లేడు. రెండోది యంత్రం. మామూలు పొక్లెయిన్ చెయ్యి తొమ్మిది, పది మీటర్ల దాకే అందుతుంది. ముప్పై మీటర్ల వెడల్పు డ్రైన్‌లో గట్టు మీద నిలబడి అంచులు గీకితే నడుమ దిబ్బ అలాగే ఉంటుంది. పైనుంచి చూస్తే శుభ్రంగా కనపడుతుంది, నీరు మాత్రం కదలదు. అలాంటి చోట లాంగ్ బూమ్ యంత్రమో, పంటు మీద నడిచే యంత్రమో అంచనాలోనే రాయాలి. మూడోది తీసిన మట్టి. గట్టు వాలు మీదే పోస్తే మొదటి వానకు తిరిగి డ్రైన్‌లోకే వస్తుంది, మనం రెండుసార్లు డబ్బు కడతాం.

గుర్రపుడెక్కకూ ఇదే వరస. అనుకూలమైన రోజుల్లో అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది. జూలైలో పది సెంట్లు వదిలేస్తే సెప్టెంబరు దాటకముందే ఎకరంన్నర. మందు కొడితే చచ్చి మునిగి అడుగున ఒండ్రవుతుంది. నరికి గట్టున పోస్తే వేరు బతికే ఉంటుంది. వంతెన స్తంభాల ఎగువన లాగి, గట్టు దాటించి ఎండబెట్టడం ఒక్కటే మార్గం. దానికి ఏడాదిలో ఒకసారి కాదు, సార్వా కాలంలో నెలకోసారి మనుషులు కావాలి. లస్కర్ల (కాలువ గట్లు కాసే సిబ్బంది) పోస్టులు ఖాళీగా ఉంచి ఏటా పూడికతీతకు కోట్లు పెట్టడం ఏ పొదుపు కిందికి వస్తుందో ఆర్థిక శాఖే చెప్పాలి.

జిల్లాలు విడదీసిన తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఎర్రకాలువ వాగునే తీసుకోండి. జంగారెడ్డిగూడెం దగ్గరి కొంగువారిగూడెం జలాశయం ఏలూరు జిల్లా. అక్కడ వదిలిన నీరు నిడదవోలు చేల మీదుగా వస్తుంది, అది తూర్పు గోదావరి. నందమూరు అక్విడెక్టు (వాగు మీదుగా కాలువను దాటించే కట్టడం) దాటి యనమదుర్రు డ్రైన్‌గా తాడేపల్లిగూడెం, భీమవరం వైపు సాగుతుంది, అది పశ్చిమ గోదావరి. 2024 జూలైలో నిడదవోలు, తాడేపల్లిగూడెం మండలాల్లో వేల ఎకరాల నాట్లు మునిగింది గోదావరి వల్ల కాదు, ఈ ఒక్క వాగు వల్ల. జలాశయం గేటు ఎత్తేవాడు ఒక కలెక్టరు కింద, మునిగేవాడు ఇంకో కలెక్టరు కింద, నీరు దిగాల్సిన దారి మూడో కలెక్టరు కింద ఉన్నారు. గేటు ఎత్తే ముందు కిందివాళ్లకు ఎన్ని గంటల వ్యవధి ఇవ్వాలి, ఎంత నీరు మించితే నందమూరు దగ్గర గట్టు పొర్లుతుంది అన్న రెండు అంకెలు ముగ్గురు కలెక్టర్ల సంతకాలతో ఒక కాగితం మీదికి రావాలి. పోలవరం పూర్తయితే అన్నీ తీరిపోతాయని వేదికల మీద చెప్పేవారికి ఒక మనవి: అక్కడి స్పిల్‌వే 50 లక్షల క్యూసెక్కుల గోదావరిని దాటించడానికి కట్టింది. ఎర్రకాలువ దాని కిందికి రాదు.

కొల్లేరుది పాత కథే. ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా అభయారణ్యమని 1999లో జీవో ఇచ్చారు, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు, మళ్లీ గట్లు లేచాయి. సరస్సు పట్టాల్సిన నీరు పట్టకపోతే ఉప్పుటేరు మీద పడే భారం మొత్తం కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చేలదే. చెరువు ఎవరి పేరున ఉందో, ఎవరు లీజు తింటున్నారో ఆ ప్రాంతంలో చంటిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు.

ఏటిగట్ల మీద ఒక్క మాట. ఇసుక ర్యాంపుల కోసం గట్టు తెగ్గొట్టి దిగుడు దారి వేసిన ప్రతి చోటా జూన్‌కు ముందే పొరలు పొరలుగా మట్టి వేసి, తడిపి, రోలరుతో అణచాలి. వదులు మట్టి కుమ్మరించి ట్రాక్టరు నడిపితే సరిపోదు. వరద రోజున గట్టు వెనక ఊట కనపడితే దాన్ని మూయడానికి మట్టి వేయకూడదు. చుట్టూ ఇసుక బస్తాలతో రెండు, మూడడుగుల ఎత్తు బావిలా కట్టి, లోపల ముందు ఇసుక, పైన చిన్న కంకర, ఆ పైన పెద్ద కంకర వేసి, ఊట తేటగా వచ్చేదాకా చూడాలి. బురదనీరు వస్తోందంటే గట్టు లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఈ పని తెలిసిన లస్కర్లు రిటైరయ్యారు. గ్రామ సచివాలయ సిబ్బందికి మే నెలలో ఒక్క పూట నేర్పించడానికి ఖర్చేమీ కాదు.

నీటి విపత్తులకే కాదు, నిప్పుకూ ఇదే లెక్క. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్‌కు వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపితే లోపల తుప్పు పట్టక ఏం చేస్తుంది? ఏ ఊరి కింద ఏ గొట్టం ఏ ఏడాది వేశారో, లోపలి తనిఖీ ఆఖరుసారి ఎప్పుడు జరిగిందో పంచాయతీ బోర్డు మీద రాయించడానికి భద్రతా కారణాలేమీ అడ్డు రావు.

ఇప్పుడు నష్టపరిహారం. డెల్టాలో చేను దున్నేది ఎక్కువ చోట్ల కౌలు రైతే. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డుకు భూయజమాని సంతకం కావాలి. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, లేదా భూమి పోతుందేమోనని పెట్టడు. కార్డు లేని రైతు పేరు ఈ-పంటలో (సాగు వివరాల ప్రభుత్వ నమోదు) చేరకపోతే విత్తనం, ఎరువు, ఊడ్పు కూలి అతనివి, సాయం యజమాని ఖాతాకి. కౌలు బస్తాలు మాత్రం తగ్గవు. పంట నష్టం 33 శాతం దాటాలన్న నిబంధనలో ఇంకో మెలిక ఉంది. పొట్ట దశలో వారం మునిగిన వరి నీరు దిగాక పచ్చగానే లేస్తుంది. అప్పుడు లెక్కకు వచ్చినవాళ్లు బాగానే ఉందని రాసుకుపోతారు. కోతకొచ్చాక అది తాలు. ముంపు తేదీ, ఆ రోజు చేను దశ, ఎన్ని రోజులు నీరు నిలిచిందన్న మూడింటిని బట్టి నష్టం కట్టే పద్ధతి మారుటేరు వరి పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలతో కూర్చుని తయారు చేయించండి. నీట మునిగినా తట్టుకునే ఇంద్ర, అమర లాంటి రకాలు ఆ కేంద్రం ఇచ్చినవే. వాటి విత్తనం పల్లపు ఊళ్లకు ముందుగా అందడం కూడా ఒక బాధ్యతే.

డబ్బు లేదన్న మాట మేం ఒప్పుకోం. 1968లోనే ఈ డెల్టాల కోసం డ్రైనేజీ సెస్సు చట్టం చేశారు, రైతు దగ్గర వసూలు చేశారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షులు మీరే. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలకిచ్చే విపత్తు నిధిలో 20 శాతం ముందు జాగ్రత్త పనులకే కేటాయించింది. కేంద్రం నిబంధనలు బిగించింది, రాష్ట్రం దారి మళ్లించింది అని ఒకరినొకరు అనుకునే లోపు, ఆ 20 శాతంలో అవుట్‌ఫాల్ తలుపులకు ఎంత అడిగారో మీ కార్యాలయం పంపిన ప్రతిపాదనలు బయటపెట్టండి. అడగకపోతే ఇవ్వలేదని అనలేం కదా.

మా వాటానూ దాచం. మురుగు బోదెలోకి గట్టు జరుపుకున్నవాడూ, పక్కవాడి నీరు ఆపడానికి రాత్రివేళ బస్తాలు వేసినవాడూ, ఊరి చెత్త లాకు దగ్గర పోసినవాడూ రైతే, ఊరివాడే. 1997 చట్టం కింద నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. బోదెల దాకా బాధ్యత ఆ అధ్యక్షులది, వారి పేర్లు కూడా కింద అడిగే రిజిస్టర్‌లో ఉండాల్సిందే. కానీ ప్రజల భాగస్వామ్యం పేరుతో మేజర్ డ్రైన్ గుర్రపుడెక్కను శ్రమదానానికి వదిలేయడం మాకు సమ్మతం కాదు. జీతం, జీపు, సంతకం ఉన్నవారి పని పార పట్టుకున్నవారి మీదికి నెట్టడం అది.

మేం అడిగేది ఇది. ప్రతి మేజర్, మీడియం డ్రైన్‌కూ ఐదేసి కిలోమీటర్లకు ఒక పేజీ చొప్పున రిజిస్టర్ పెట్టించండి. అందులో బాధ్యుడైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పేరు, గట్టు మీద తిరిగే మనిషి పేరు, ఆఖరి పూడికతీత తేదీ, ముందటి, తర్వాతి మట్టాలు, ఆ ఐదు కిలోమీటర్లలో ఉన్న ప్రతి తూర, వంతెన కొలత, అది ఎవరు ఎవరి అనుమతితో వేశారు, చివర స్లూయిజ్ ఉంటే ఎన్ని తలుపులు మూసుకుంటున్నాయి అన్నవి ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు వంతెన గోడ మీద రంగుతో రాయించాలి. అధికారి బదిలీ అయినప్పుడు ఛార్జి కాగితాలతో పాటు ఈ పేజీలు కూడా సంతకం పెట్టి అప్పగించాలి. ముంపు వస్తే విచారణ ఆ పేజీ నుంచి మొదలవ్వాలి. తప్పుడు మట్టాల మీద బిల్లు చెల్లించినట్టు తేలితే సంతకాలు పెట్టినవారందరి నుంచీ వసూలు చేయాలి, కాంట్రాక్టరు ఒక్కడి నుంచే కాదు.

అన్నీ ఒక్కసారిగా కాకపోతే శంకరగుప్తం, కౌశిక, యనమదుర్రు, ఈ మూడు డ్రైన్లతో మొదలుపెట్టండి. కాలువలు కట్టేసే తేదీ నిర్ణయించే సలహా మండలి సమావేశంలోనే వాటి పేజీలు బల్ల మీదికి రావాలి. ఖాళీ గడులున్నా ఫర్వాలేదు. ఏవి ఖాళీగా ఉన్నాయో మినిట్స్‌లో రాయించండి. కొలతలకు గట్టు మీదికి రావడానికి మేం సిద్ధం. ఆటు వేళ ఎప్పుడో కూడా చెబుతాం.

ఇట్లు,
గోదావరి డెల్టా ఆయకట్టు రైతులు, కౌలు రైతులు, రిటైరైన ఇరిగేషన్ సిబ్బంది